పావు సెకను చిల్లు

రాత్రి ఒకటిన్నరకి గని పేలుస్తారు కిరునాలో.
నేల అడుగున ఎవరో పెద్ద తలుపు వేసినట్టు
ఒక దబ్బు.
బీరువాలో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి తడుముకుంటాయి.
నాకదే గడియారం.
కాఫీ వంపుకుని తెర ముందు కూర్చుంటాను.

పైన నాలుగు నౌకలు.
మూడు రాళ్ళ పొయ్యి మీద నాలుగో రాయి పెట్టినట్టు
పదేసి కిలోమీటర్ల ఎడంతో
సూర్యుడి గాలి భూమిని గుద్దుకుని చెదిరే చోట
ఈదుతున్నాయి.
అక్కడ ఏ గీతా తిన్నగా ఉండదు.
మే నెలలో మంచు పగిలిన టోర్నె నదిలా
సుడిలో సుడి, ఆ సుడిలో ఇంకో సుడి,
అడుక్కి వెళ్ళేసరికి ఒట్టి వేడి.

చూసిందంతా కిందికి పంపడం వాటి వల్ల కాదు.
ఏ నిమిషం కావాలో నేనెంచాలి,
ఎందుకో ఒక్క ముక్క రాయాలి.
ఎంచనిదాని మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది.

ఇవాళ ఇరవైమూడు నానోటెస్లాల దగ్గర నడుస్తున్న గీత
ఉన్నట్టుండి తొమ్మిదికి జారింది.
పావు సెకను.
మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఇరవైమూడు.
పోగు తెగలేదు, పక్కకి ఒత్తిగిలిందంతే.
ఆ సందులో ఎలక్ట్రాన్లు గుండ్రంగా తిరుగుతున్నాయి,
తిరుగుతూనే ఆ గుంట తవ్వుకుంటూ
తిరుగుతున్నందుకే అది పూడకుండా కాచుకుంటూ.
ప్రోటాన్ దాన్ని చూడనైనా చూడదు.
దాని ఒక్క చుట్టే ఈ చిల్లుకన్నా పెద్దది.

నిన్న ఇలాంటిదే ఒకటి బిర్గెర్ లాంటోకి చెప్పాను.
కింది వాటాలో ఉంటాడు.
ముప్పైయేడేళ్ళు డ్రిల్లు పట్టి
ఎడమ చెవిని గనిలోనే వదిలేసి వచ్చినవాడు.
"చిల్లులో ఏముంది, గున్వోర్?"
"క్షేత్రం తక్కువ. వేడి ఎక్కువ."
"అయితే ఖాళీ కాదన్నమాట."
రై రొట్టెకి వెన్న రాస్తూ,
"నేను తొలిచినది ఒక్కటీ ఖాళీగా ఉండలేదు.
నీళ్ళయినా వచ్చేవి. లేకపోతే మందుగుండు."

అతని దగ్గరో దిక్సూచి ఉంది.
ఈ ఇనుపకొండ పక్కన అది ఏనాడూ ఉత్తరం చూపలేదు.
కొండనే చూపేది.
"అబద్ధమాడటం కాదు పిల్లా, దగ్గరివాళ్ళ మాట వినడం"
అంటాడు.

కొండ కడుపంతా తోడేశాక
ఊరు ఒక పక్కకి ఒరుగుతోంది.
తూర్పుకి మోస్తున్నారు.
చర్చి చక్రాలెక్కి వెళ్ళిపోయింది,
జనం బన్నులు తింటూ రోడ్డు వారన నించుని చూశారు.
ఏ ఇళ్ళు మోయాలో ఒక జాబితా.
మా ఇల్లు అందులో లేదు.
కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.
వాళ్ళూ ఏదో తెర ముందు
కాఫీ చల్లారిపోతుండగా ఎంచి ఉంటారు.

కారణం అని ఉన్న గడిలో "చిన్నది" అని రాశాను.
కొట్టేశాను.
"ఎలక్ట్రాన్ల కొలతలో అయస్కాంత చిల్లు.
నాలుగు నౌకలూ చూశాయి."
దానికి ముందు పదిహేను సెకన్లు,
తర్వాతివి పదిహేనూ అడిగాను.
అంత అక్కర్లేదు, తెలుసు.
చుట్టుపక్కలు లేకపోతే
అది ఎక్కడి చిల్లని చెప్పుకుంటుంది?

కింద బిర్గెర్ మేలుకునే ఉన్నట్టున్నాడు.
తన బీరువాలో గ్లాసుల్ని జరుపుతున్న చప్పుడు,
ఒక్కోదాన్నీ
వేలెడు ఎడంగా.