కాయ పలుకు

కోయంబేడులో నా కొట్టుకి కాటా లేదు.
వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి చెప్పేదాన్ని:
ఇది లేత, ఇది ముదురు, ఇది లోపల కుళ్లు,
ఇది పెళ్లికి పంపొచ్చు, ఇది పచ్చడికి.
ముప్పై ఏళ్లు. ఒక్క కాయ వెనక్కి రాలేదు
అంటే అబద్ధం. నాలుగొచ్చాయి. నాలుగూ గుర్తే.

ఇప్పుడు కొడతాను, కాయ పలకదు.
తిప్టూరు కాయా, పొల్లాచ్చి కాయా,
అన్నీ ఒకటే మొద్దులు.
సులోచన బిల్లు పుస్తకం వెనక రాసి చూపిస్తుంది:
"అమ్మా, హోటలాయన పదమూడు వెనక్కి తెచ్చాడు."

సూదులు రోజుకొకటి, ఆరు నెలలు.
మామూలు మందులకు లొంగని క్షయ అన్నారు.
రాయపురం క్లినిక్కులో
కుడి పక్క ఒకరోజు, ఎడమ పక్క ఒకరోజు.
కూర్చోలేక, బస్సులో నిలబడే ఇంటికి.
నెత్తురు ఆగింది. దగ్గు పోయింది.
ముప్పై ఏడు కిలోల దాన్ని యాభై రెండయ్యాను.
నాలుగో నెల్లో చెవిలో హోరు మొదలైంది.
సముద్రం అనుకున్నాను. పక్కనే కదా.
ఇంటికొచ్చినా సముద్రం ఆగలేదు.

హైకోర్టు ఎదురు సందులో,
జిరాక్సు కొట్టు మీది గదిలో
లాయరు పొన్నంబలం నా ఫైలు విప్పాడు.
వినికిడి పరీక్ష అన్న గడిలో
నెలకో టిక్కు, ఆరు టిక్కులు.
ఆరూ ఒకే సిరా, ఒకే వాలు,
ఒకే పూట కూర్చుని పెట్టినట్టు.
నా చెవికి ఎవరూ ఏ యంత్రమూ పెట్టలేదు.
లాయరు ఆ కాగితం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు,
నేను కాయ కొట్టినట్టే.
అతనికి లోపల ఏదో పలికింది. నవ్వాడు.

ఆ వాలు నాకు తెలుసు.
సిస్టరు ఎస్తేరు రాణిది.
సూది వాచిన చోట వేడినీళ్ల గుడ్డ అద్దేది.
తుఫాను రోజు మోకాలి లోతు నీళ్లలో
మా ఇంటికే వచ్చింది, సూదుల పెట్టె నెత్తిన పెట్టుకుని,
ఒక్కరోజు కూడా తప్పకూడదని.
కేసు వేస్తే డాక్టరు పేరు ముందుంటుంది.
పోయేది మాత్రం ఈమె ఉద్యోగం.

రెండేళ్ల గడువు. ఇంకా పదకొండు రోజులు.
మరిది అంటాడు, అంటే రాస్తాడు:
బతికావు, అది చాలదా వదినా?
ప్రాణం పోసిన చేతిని కోర్టుకీడుస్తావా?
నిజమే.
ప్రాణం కావాలంటే చెవులివ్వమని
ముందే ఎవరైనా బేరం పెట్టి ఉంటే
మారు మాట లేకుండా ఇచ్చేసేదాన్నేమో.
బేరమే పెట్టలేదు.
నన్నడక్కుండా నా సరుకు ఎత్తుకుపోయారు.

హోరు సంగతి నేనూ చెప్పలేదు.
వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.
ఈ రెంటి మధ్యా చాప వేసుకుని
తొమ్మిది రాత్రులు దొర్లాను.

ఇంకా రెండు రోజులనగా క్లినిక్కుకి వెళ్లాను.
సిస్టరు ఏదో అంది. పెదాలు కదిలాయి.
బిల్లు పుస్తకం ఇచ్చాను. రాయలేదు.
బెంచీ మీద ఒక కుర్రాడు, ఇరవై ఉంటాయో లేదో,
నడుం కింద చేత్తో రుద్దుకుంటున్నాడు. అదే సూది.
సిస్టరు ముందు నాకు నోరు పెగల్లేదు.
చెవి పట్టుకుని అతనికి చూపించాను.
గుంజీలు తీయమంటున్నాననుకున్నాడు.
నవ్వాడు.

అక్కణ్ణించి నేరుగా ఆ సందులోకి.
ఎంత అడుగుదాం, అన్నాడు పొన్నంబలం. సులోచన రాసింది.
వంద కాయల లెక్క నిద్రలో చెప్పేదాన్ని,
దీనికి ధర కట్టలేక
మీకు తోచినంత వేయండి అన్నాను.
గట్టిగా అన్నానేమో, గుమాస్తా ఉలిక్కిపడ్డాడు.
ఒకటి మాత్రం దిద్దించాను.
సంపూర్ణ నిశ్శబ్దంలో జీవిస్తున్నది, అని ఉందట.
నిశ్శబ్దం యాడుంది?
రేయింబవళ్లు సముద్రం. అది రాయండి.

సిస్టరు పేరు కొట్టేయమనలేదు.
తుఫాను రోజు వచ్చిందని కూడా రాయమన్నాను.
అది మన కేసుకే చెడుపన్నాడు, కలం మూసేశాడు.
బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టాను.
నాకు వినబడలేదు.
అతను రాశాడు.