అరవై ఒకటో రోజు

ఈ అర్ధరాత్రికి వేట తెరుస్తారు.
మంచినీళ్లపేట ఒడ్డున
రెండు నెలలు తాటాకులు కప్పుకుని పడుకున్న తెప్పలన్నీ
ఇవాళ ఒక్కసారే దుప్పట్లు తీశాయి.

మా తెప్ప నీడలో దొరికినవి:
ఒక కుక్క, దాని మూడు పిల్లలు,
నిరుడు పోయిందనుకున్న పదమూడో నంబరు పానా.
కుక్కని ఒప్పించడానికి గంట పట్టింది.
పానా తుప్పుపట్టింది గానీ
నా చెయ్యి దాన్ని మర్చిపోలేదు.

ఇంజను ఇంట్లో ఉంది,
బియ్యం బస్తా పక్కన, పారమ్మ పాత చీర చుట్టుకుని,
బాలింతలా గోడకి ఆనుకుని.
గున్నయ్యా నేనూ కావిడి బద్దకి వేలాడేసి మోసుకొచ్చాం.
వెనక చెక్కకి బిగించి, తోక కింద
సముద్రపు నీళ్ల డ్రమ్ము పెట్టి, తాడు లాగాం.
పది సార్లు. పాతిక సార్లు.
కిక్కురుమనలేదు.

మెకానిక్ ధర్మారావు ఫోను మోగీ మోగీ ఆగిపోతోంది.
ఒడ్డు మొత్తానికీ ఆయనొక్కడే డాక్టరు,
ఇవాళ అందరికీ ఒకటే జ్వరం.

సరే, మేమే.
ముందు ప్లగ్గు విప్పాం. నల్లటి బంక.
గున్నయ్య గరుకు కాగితంతో గీకి, బనీనుకి తుడిచి,
ఇంజను ఒంటికి ఆనించి లాగమన్నాడు.
నీలంగా చిటుక్కుమంది.
"పేనముంది మావా!"
ప్రాణముంటే మరి ఆకలేది?
కార్బొరేటరు గిన్నె విప్పాం.
ఏప్రిల్ నాటి నూనె తుమ్మజిగురైపోయింది.
సైకిలు బ్రేకు తీగలోంచి ఒక్క పోగు లాగి
ఆవగింజంత బెజ్జంలో పొడిచి పొడిచి తీశాం.

ఈలోగా బ్యాటరీ.
గంగమ్మ సంబరానికి సీరియల్ లైట్లకని పట్టుకెళ్లారు,
అమ్మవారు వెలుగంతా తాగి ఖాళీ డబ్బా తిరిగిచ్చింది.
గున్నయ్య తమ్ముడి ఆటోలోంచి అరువు తెచ్చి తగిలిస్తే
జీపీయస్సు కళ్లు తెరిచింది.
మేం పెట్టుకున్న పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి:
పెద్దరాయి. వల చిరిగింది. తాత చూపించింది.
కోనాం పడి అప్పు తీరింది.
ఆ చివరి చుక్క దగ్గర కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
తర్వాత అక్కడ మళ్లీ ఏమీ పడలేదు.

పొద్దు వాలాక లేచింది ఇంజను.
దగ్గింది, పొగ కక్కింది, నిలబడింది.
పిల్లలు కేకలేశారు.
నేను మాత్రం పక్కనున్న చిన్న బెజ్జం వైపే చూస్తున్నాను.
అక్కడినుంచి సన్నటి ధార రావాలి,
పసివాడు ఉచ్చ పోసినట్టు.
రాలేదు.
"ఆపీ! ఆపీరా!"
ఇంకో రెండు నిమిషాలైతే బిగిసిపోయేది.

కింది భాగం విప్పాం. లోపలి రబ్బరు రెక్కలు బాగానే ఉన్నాయి.
దారిలోనే ఉంది సంగతి:
తెల్లగా, గట్టిగా, పటికబెల్లంలా
ఉప్పు.

నాకు తెలుసు అది ఏ రాత్రిదో.
ఏప్రిల్ పద్నాలుగున ఆఖరి వేట నుంచి వచ్చి
తాళ్లు విప్పుతుంటే పారమ్మే అంది,
"దానికీ రొండు బిందిలు పొయ్యి, ఉప్పు తాగొచ్చింది."
కుళాయి మూడు రోజులకోసారి వస్తున్న వారం అది.
"మన నోటికే నేవు, ఇంజనుకెక్కడివే" అన్నాను.
పేరుకే మంచినీళ్లపేట.
మనిషి మర్చిపోయిన దాహాన్ని
ఇనుము అరవై రోజులు లోపలే దాచుకుంది.

ఇప్పుడు పారమ్మ ఏమీ అనలేదు.
అదే నాకు కష్టంగా ఉంది.
కట్టెల మీద చింతపండు నీళ్లు కాచి తెచ్చింది.
పోశాం, నానబెట్టాం, తీగతో పొడిచాం, మళ్లీ పోశాం.
డ్రమ్ములో ఉప్పునీళ్లు పారబోసి
బిందెలు తిరగేసింది. ఇంటికి మిగిలింది ఒక్కటే.

పదకొండున్నరకి తాడు లాగాను.
అటు దక్షిణం వైపు ఒక్కొక్క ఇంజనూ లేస్తోంది,
ఇసుకలో అలలకి అడ్డంగా టార్చిలైట్లు పరిగెడుతున్నాయి.
మా బెజ్జం ఒకసారి ఉమ్మింది.
తర్వాత ధార కట్టింది, గోరువెచ్చగా.

గున్నయ్య చప్పట్లు కొడుతుంటే
పారమ్మ దోసిలి పట్టి, ఒక వేలు నాలిక్కి రాసుకుంది.
"ఇంకా ఉప్పగానే ఉన్నాది"
అని, ఆ మిగిలిన బిందె కోసం
ఇంటివైపు నడిచింది.