నలభై ఏడో వరుస

రాంనగర్ చేపల మార్కెట్ వెనక సందులో
ముక్తేశ్వర్ రావు గారి హోమియో దవాఖానా.
చేతులు వణుకుతున్నాయని ఆయనే బోర్డు దింపించారు.
కంప్యూటరు నా దుకాణానికి వచ్చింది,
కీబోర్డు సందుల్లో చక్కెర గోళీల పొడి,
లోపల ఏనాటిదో లైనక్స్,
పదకొండు వందల ఎనిమిది ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు.

"నాకు కాయితం మీద గావాలె బిడ్డా,"
అన్నది కాంపౌండర్ అనసూయమ్మ.
"ఆ సాఫ్ట్‌వేరోళ్లు దుకాణం బంద్ వెట్టిన్రు.
రోగాలు బంద్ వెడ్తయా?"

తెరిచి చూస్తే అంతా కోణాల బ్రాకెట్లు,
వాటి మధ్య ఇరుక్కొని మనుషులు.
పేరు మొదలు, పేరు ముగింపు.
దాహం మొదలు, దాహం ముగింపు.
భయానికి కూడా ఒక గడి ఉంది:
ఉరుము, ఊరకుక్క, ఆడపడుచు, లిఫ్టు.

పనిముట్ల వేట రాత్రి పదింటికి మొదలైంది.
మ్యాన్ అని కొడితే మనిషి రాడు,
నలభై పేజీల షరతులు వస్తాయి.
పాండాక్‌కు పుస్తకాలు తెలుసు, రోగులు తెలియదు.
గ్రెప్ చూపిస్తుంది గానీ విడదీయదు.
సెడ్‌తో కత్తిరించబోతే
బ్రాకెట్లతో పాటు సగం మంది దగ్గు కూడా పోయింది.
అసలు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దాచబట్టి బతికాను.
చివరికి ఎక్స్‌ఎమ్‌ఎల్‌స్టార్‌లెట్ దొరికింది,
దాని పక్కనే, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు, ఎక్స్‌ఎస్‌ఎల్‌టి‌ప్రాక్.

ఒకదాని కొస ఇంకోదాని నోట్లో పెట్టాను.
నల్లా వచ్చే రోజు మా గల్లీలో
పైపుకు పైపు తగిలించి, అతుకు దగ్గర పాత బనీను చుట్టి
మూడో అంతస్తుకు నీళ్లెక్కించినట్టు.
మొదట కారింది.
తెలుగంతా ప్రశ్నార్థకాలు.
యూటీఎఫ్ అని ఒక్క మాట చేర్చగానే
వత్తులూ గుడులూ తడితడిగా పైకెక్కాయి.

తెల్లారేసరికి పదకొండు వందల ఏడు.
ఒక్కటి మొరాయించింది:
నలభై ఏడో వరుస. తెరిచిన గడి మూయలేదు.

జుబేదా బేగం, యాభై రెండేళ్లు, ముషీరాబాద్.
భయం: సాయంత్రం గేటు చప్పుడైతే
అంతే. కామా కూడా లేదు.

రికవర్ అని ఒక మీట ఉంది,
లేనిదాన్ని తనే ఊహించుకొని మూసేస్తుంది.
టైపు చేశాను. ఎంటర్ కొట్టకుండా చెరిపేశాను.

అనసూయమ్మకు ఫోన్ చేస్తే గుర్తుపట్టింది.
"గామెనా! చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్సింది.
డాక్టర్ సాబ్ టైపు గొట్టుడు ఇడ్సిపెట్టి
కుర్సీ ఆమె దిక్కు తిప్పిండు."

మందేమిచ్చారని అడిగాను.

"ఆ పూట మందేం లే. చాయ్ దెప్పిచ్చిండు.
జర జాగ ఇడ్సిపెట్టు బిడ్డా,
శుక్రారం అస్తది, నేనే అడిగి రాస్త."

ఆ ఒక్క కాగితం చేత్తో రాశాను.
గేటు చప్పుడు దగ్గర ఆగి
కింద నాలుగు ఖాళీ గీతలు గీసి,
సరిపోవేమో అనిపించి
ఇంకో రెండు.