వినపడే వైపు

వాల్పరైసోలో
తాడు పట్టుకుని కొండెక్కే పెట్టెబండికి
టికెట్లు చింపే కిటికీ వెనక
ఇరవై ఆరేళ్లు కూర్చుంది ఎదువీనా.
నాణేలు లెక్కపెట్టే వేళ్లు,
మనుషుల్ని లెక్కచెయ్యని నోరు
అని మొదట్లో ఆమెకు పేరు.
చిల్లర లేదా? మెట్లున్నాయి, ఎక్కు. అంతే.

పెళ్లైన మూడో ఏడు
నోల్బెర్తో ఎడమ చెవి రేవులో పోయింది.
ఓడల బాయిలర్ల పక్కన పనిచేసి చేసి
ఒకరోజు సగం నిశ్శబ్దంతో ఇంటికొచ్చాడు.
చెప్పలేదు. సిగ్గో, కూలి పోతుందన్న భయమో.
ఆమె మంచానికి అటు పక్క పడుకుని
ఆర్నెల్లు ఆ చెవిలోనే పోట్లాడింది,
అద్దె గురించి, వాళ్లమ్మ గురించి,
కిటికీ తెరిచి పడుకుంటే
సముద్రం ఎముకల్లోకి దూరడం గురించి.
జవాబు రాకపోతే పొగరనుకుంది.
చెవిటివాడి ముందు శంఖమని నవ్వుతాం గానీ
వాడికి వినపడదని తెలియక
ఊపిరంతా పోసి ఊదేవాళ్ల సంగతి
ఏ సామెతా పట్టించుకోదు.

కెటిల్ మూత వల్ల బయటపడింది.
సాయంత్రం టీ వేళ
ఆమె చేతిలోంచి జారి
అతని ఎడమ కాలి పక్కన
గణగణమంటూ గచ్చంతా దొర్లింది.
అతను ఉలిక్కిపడి
తల కుడివైపుకి తిప్పాడు.
అక్కడ గోడ ఉంది.
గోడలో ఆ చప్పుడు కోసం వెతుకుతున్నాడు.

మూత ఎత్తడం మరిచిపోయి నిలబడింది ఎదువీనా.
ఆర్నెల్ల మాటలన్నీ
ఒక్కొక్కటీ వెనక్కి నడిచొచ్చి
ఆమె నోటి ముందే ఆగాయి.

ఆ రాత్రి ఏమీ అనకుండా
దిండు తీసుకుని మంచానికి ఇటు పక్కకి మారింది.
అతనూ ఏమీ అనకుండా జరిగాడు.
క్షమాపణ అని ఏదైనా జరిగితే అదే.
దుప్పటి కోసం మాత్రం తెల్లారేదాకా లాక్కున్నారు.

ఇక అక్కణ్నించి దేవతైపోయిందని చెప్పను.
ఒళ్లు మండిన రోజు
కావాలనే ఎడమ పక్కకి వెళ్లి తిట్టేది,
తిట్టి, తేలికపడి,
కుడి పక్కకొచ్చి "చారు పొయ్యనా" అనేది.
కొన్ని మాటలు అనడానికే పుడతాయి,
వినపడక్కర్లేదు.

కానీ కిటికీ దగ్గర చెయ్యి నెమ్మదించింది.
ఒకటే ప్రశ్న మూడుసార్లడిగే నావికుణ్ని
ఇదివరకైతే "బోర్డు మీద రాసుంది కదా" అని కసిరేది.
ఇప్పుడు బోర్డు తనకోసమే చదువుకుంటున్నట్టు
పైకి చదివేది.
అతని చూపు అక్షరాల మీద కాక
ఆమె పెదాల మీద ఉండేది.
నాణేలు విసిరికొట్టే ముసలాయన
వేళ్లు ముడుచుకోవని కనిపెట్టి
గిన్నె ముందుకు జరిపింది.
ఎవరు అరిచినా సరే,
తలెత్తి ఒక్క క్షణం చూసేది,
ఈ మనిషికి వినపడే వైపు ఏదా అని.

అందరికీ దొరికిందా? లేదు.
సొంత చెల్లెలు క్లోరిందా చుట్టూ
పద్దెనిమిదేళ్లు తిరిగింది.
ఎటు నిలబడి పిలిచినా
ఆమె గోడవైపే చూసేది.
ఆ సంగతి ఎత్తితే ఎదువీనా
రొట్టెముక్కలు ఏరుతూ మాట మార్చేస్తుంది.

బండి రిపేరని ఆపేశారు, ఆమె ఉద్యోగం ముగిసింది.
ఇప్పుడు మెట్లే దారి ఇద్దరికీ.
సంచి ఆమె చేతిలో,
ఆమె అతని కుడి పక్కన.
ప్రతి నలభయ్యో మెట్టుకీ అతను ఆగి
రేవులో ఓడల పేర్లు చదువుతాడు.
ఆమె మోకాలి కోసమే ఆగుతాడని
ఆమెకు తెలుసు. అడగదు.

ఇవాళ పొగమంచు.
రేవు లేదు, నీళ్లు లేవు,
పది మెట్ల కింద ఊరే లేదు.
అతను మామూలుగానే ఆగి,
తెల్లటి శూన్యంలోకి కళ్లు చికిలించి
ఏదో ఓడ పేరు చదివాడు.

ఆమె సంచి కింద పెట్టింది.
ఊపిరి కూడదీసుకుని
వినపడే చెవి దగ్గరకు వంగి
"ఏ దేశానిదట?" అంది.