ముందు వెనక్కి

మెడికల్ షాపులో బిల్లుల కట్టకి వేసే రబ్బరు బ్యాండు
ముంజేతికి తొడుక్కుని, మరిచిపోయి ఇంటికొచ్చాను.
"అమ్మా, ఇంజను తెచ్చావా!" అంది జోషిత.

ఏం ఇంజనని అడిగే ఓపిక లేదు.
సింధియా దగ్గర బస్సు దిగిన కాళ్ళు
కూర్చున్నాక కూడా నడుస్తూనే ఉన్నాయి.

గచ్చు మీద పాత పేపరు, పేపరు మీద చెక్క.
చెక్కంటే చెక్కా కాదు,
అరచేతిలో పెట్టుకుంటే
ఎవరో ఇస్తానని ఇవ్వకుండా పోయినట్టుంది.
బాల్సా అట. ఎన్‌సీసీలో
ఓడల నమూనాలు చేసే కుర్రాడెవరో
మిగిలిన ముక్క ఇచ్చాడట.
గోరు నొక్కితే గోరు దిగిపోయింది.
ఇంత మెత్తనిది నీళ్ళలో ఏం బతుకుతుందే, అన్నాను.

కింది వాటా ఎర్రినాయుడు తాత పైకొచ్చాడు,
మోకాలి మీద చెయ్యేసుకుని, మెట్టుకో తిట్టు చొప్పున.
ముప్పైనాలుగేళ్ళు షిప్‌యార్డులో ప్లేటరు.
ఇనుప రేకు మీద సుద్దతో గీత గీస్తే
ఆ గీత వెంట మంట నడిచేది.
ఇప్పుడు జామెట్రీ బాక్సులో పెన్సిలు తీసి
జానెడు చెక్క మీద గీయడానికి
ఊపిరి బిగబట్టాడు.

"బ్లేడు నొక్కీకే గుంటా. రాస్తన్నట్టు పోనీ.
ఒక్కపాలే కోసీయాలని సూస్తే సీలిపోద్ది."

మొన తేలింది. వెనక రెండు కొమ్ములు మిగిలాయి,
నడుమ ఖాళీ.
తునకల్లోంచి రెండు రెక్కలు,
ఒకదాని గాడిలో ఒకటి ఇరికిస్తే తెడ్డుచక్రం.
ఫెవికాల్ ఆరేలోగా
కుక్కరు నాలుగు కూతలు కూసింది.

చెక్క నీళ్ళు పీలుస్తుంది, రంగు కావాలన్నాడు.
రంగెక్కడిది?
ఎప్పటిదో పెళ్ళికి కొన్న నా గోళ్ళరంగు,
సీసాలో గడ్డకట్టబోతున్న ఎరుపు,
అడుగంతటికీ సరిపోయింది, ఒక్క మూల తప్ప.
ఆ మూలకి పిల్ల కొవ్వొత్తి రాసింది.

మేడ మీది సిమెంటు తొట్టిలో
రెండు రోజులకే నల్లటి పొర కడుతుంది.
పోర్టు వైపు గాలి తిరిగితే
ఈ వీధిలో తెల్లచీర కూడా
బొగ్గు లెక్క చెబుతుంది.
తుడిచి తుడిచి మానేశాను.

కొబ్బరికాయ లేకుండా ఓడ దింపకూడదట.
జోషిత ఒక వేరుశెనక్కాయ తెచ్చి
తొట్టి అంచు మీద కొట్టింది.
ఒక పలుకు తాతకి, ఒక పలుకు నాకు.

ఇరవై చుట్లు. వదిలింది.
పడవ బుర్రుమని
వెనక్కి పోయి
నా పొట్ట దగ్గర గోడని గుద్దుకుంది.

నాకు నవ్వొచ్చింది. పిల్లకి ఏడుపొచ్చింది.
చక్రం తిప్పడం తిరగబడింది, అంతే.
తాతకి మాత్రం ఏ వింతా కనబడలేదు.

"ఏటే అలాగయిపోనావు?
మా ఓడలన్నీ ఎనక్కే దిగీవి.
ఎనకభాగం ముందు నీళ్ళలో పడీది.
మొకం ఒడ్డుకేసి ఉండీది,
మమ్మల్నే సూస్తా పోయీది.
నీళ్ళలోకెళ్ళాకే దానికి ముందు, ఎనక."

ఇరవై ఏళ్ళుగా ఆ గోడ పక్కనించే నా బస్సు.
ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈసారి అటునుంచి చుట్టింది.
పదిహేడు దగ్గర రబ్బరు కీచుమంది.
"సాల్లే" అన్నాడు తాత.
పద్దెనిమిది. పంతొమ్మిది.

పోయింది, ముందుకే,
నల్లపొరని చీల్చుకుంటూ.
వెనక సన్నగా ఆకాశం రంగు గీత.
తొట్టి మధ్యకెళ్ళి ఆగిపోయింది,
ఇంజను అయిపోయింది.
జోషిత జానలు కొలిచింది. మూడు, ఇంకో నాలుగు వేళ్ళు.
తాత పడవని చూడట్లేదు.
గీత రెండంచులూ నెమ్మదిగా దగ్గరకొచ్చి
కలుసుకునేదాకా వంగి చూశాడు,
నడుం పట్టేసినా.

దిగుతూ మూడో మెట్టు మీద ఆగి అన్నాడు:
"రబ్బరు ఇప్పీయే. రాత్రంతా బిగించి ఉంచితే
దాని పేణం పోద్ది."

పిల్ల విప్పి, తడిది తడిగానే
నా చేతికి తొడిగింది.
పొద్దుటికన్నా కాస్త వదులుగా ఉంది.