సెకనుకి రెండుసార్లు

కేబుల్ కనెక్షన్లు ఒక్కోటీ తెగిపోయాక
నాకు మిగిలింది అటక మీద నాలుగు చుట్టల నల్ల వైరు,
ఒక పాత కంప్యూటరు,
కళింగపట్నం లైట్‌హౌసుకి కనపడేంత దూరంలో ఒక డాబా.

చూపుడు వేలంత రాగి తీగ కోసి
ఉప్పుగాలి తినెయ్యకుండా
ఖాళీ మాత్రల డబ్బాలో నిలబెట్టి
వెదురు గెడకి కట్టాను.
"దీంతో ఏ సీరియల్ వస్తాది?" అంది ఆదిలక్ష్మి
కింద నిచ్చెన పట్టుకుని.

విమానాలొస్తాయన్నాను.
వచ్చాయి.

ముప్పై ఆరు వేల అడుగుల మీద
కలకత్తా నుంచి మద్రాసు పోయేది ఒకటి,
విశాఖలో దిగడానికి మెల్లగా వంగుతున్నది ఇంకొకటి.
ఒక్కోదానికీ అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ముక్కల పేరు,
పక్కన ఎత్తు, వేగం, ముక్కు ఎటుందో.
సెకనుకి రెండుసార్లు
గాలిలోకి అదే మాట:
ఇదిగో నేను, ఇక్కడ, ఇంత ఎత్తులో, ఇటు పోతున్నాను.

రాత్రి తొమ్మిదయితే మైలపల్లి కొర్లయ్య వస్తాడు.
వేట మానేసి ఆరేళ్లు.
స్టూలు వేసినా గుమ్మం మీదే కూర్చుంటాడు,
ఎడమ చెయ్యి ఎప్పుడూ తువ్వాలు కింద.

"ఎవలడిగినారని సెప్తన్నాయిరా అలాగ?"

ఎవరూ అడగలేదు తాతా.
రాడారయితే అడుగుతుంది,
ఇవి అడక్కుండానే చెప్తాయి.

"ఎవలికి?"

వినేవాడికి. ఎవడైతే వాడికి.
ఎదురొచ్చే పైలట్ ముందున్న తెర మీద
ఇది పేకముక్క మీది డైమనంత గుర్తు.
పక్కన ప్లస్ పది అని ఉంటే
నీ నెత్తి మీద వెయ్యి అడుగుల ఎత్తున ఒకడున్నాడని.
మబ్బులో కన్ను పనిచెయ్యదు కదా.

మబ్బు అన్నాక కాసేపు మాటాడలేదు కొర్లయ్య.

"మంచు దిగినప్పుడు మేవు సత్తుగిన్ని కొట్టీవోలం.
గరిటితోటి.
సెయ్యి నొప్పెట్టీదాకా కొట్టి, ఆపి, ఇనీవోలం.
అవతల గిన్ని ఇనపడితే
తెడ్డు తిప్పీవోలం."

ఆ రాత్రి కూడా అవతల ఎవడో కొట్టాడట.
చాలాసేపు కొట్టాడట,
ఆపి ఆపి కొట్టాడట.

మరి మీ గిన్నె?

తువ్వాలు కొంచెం జరిగింది.
రెండు వేళ్లు లేవు.

"ఆల వల మీదికి ఎల్లినాం బావు. ఆల సేపలు.
దీపం నేనే ఆర్పినాను.
గిన్ని ఒళ్లో ఎట్టుకుని కూకున్నాను,
సప్పుడవకండా సేత్తో అదిమీసి.
ఆడు అటేపు నుంచి ఎలిపోతాడనుకున్నాను."

తర్వాత ఆ గిన్నె వినపడలేదు.
నేనింకేమీ అడగలేదు.

తెర మీద సోంపేట వైపు నుంచి ఒక చుక్క,
దానికెదురుగా ఒక చుక్క.
గీత మీదికి గీత జరుగుతోంది.
పక్కనున్న అంకెలు ఆయన కంటికి ఆనవు,
ఒకటి ముప్పై ఆరు, ఒకటి ముప్పై అయిదు.
కొర్లయ్య గుమ్మం పట్టుకుని లేచి నిలబడ్డాడు.
రెండు చుక్కలూ ఒకటే చుక్కయ్యాయి.
మళ్లీ రెండయ్యాయి.

"సూసుకున్నారా?"

చూసుకున్నారు తాతా.
వంద మైళ్ల ముందే చూసుకున్నారు.

ఒక్కోసారి చప్పుడు మాత్రమే డాబా మీద నుంచి పోతుంది,
తెర మీద చుక్క ఉండదు.
ఎందుకలా అంటే నాలుగు కారణాలు చెప్పగలను.
ఆ రాత్రి అలాంటిది పోలేదు. బతికించింది.

పదకొండింటికి కరెంటు పోయింది.
వస్తానురా అని దిగాడు.
సందులో లైటు లేదు, మనిషీ లేడు,
కుక్కలు కూడా సముద్రం ఒడ్డుకి పోయాయి.
డాబా మీద నుంచి చూస్తే కనపడలేదు గానీ
ఐసు ఫ్యాక్టరీ గోడ మలుపులో ఒక దగ్గు,
పడవల షెడ్డు మలుపులో ఇంకొకటి.

ఇన్నాళ్లూ చుట్ట దగ్గనుకున్నాను.