కక్కు

దెగ్లూరుల ఉద్గీరు రోడ్డు మీద
పంక్చరు దుకాణం పక్కన మా రేకుల షెడ్డు.
వంటింటి బండకు సింకు పట్టేటంత కంత కోస్తరు కదా,
ఆ కోసిన ముక్క మాది.
ఇంటోళ్లకు కంత కావాలె,
మాకు కంతలున్న రాయి కావాలె.
పోశెట్టి ఆటోల ఏసుకొచ్చి దింపుతడు,
ముక్కకు ముప్పై,
మూల పగిలితే ఇరవై.

అట్ల వచ్చిన కోడిగుడ్డసొంటి రాయి
మా తిమ్మాజీ చేతుల గడియారమైతది,
తొండమెత్తిన ఏనుగైతది,
సర్పంచు పేరు చెక్కిన పెన్ను స్టాండైతది,
అగర్బత్తి బూడిద రాలే తామరాకైతది.
కోసుడు ఆయనది. మెరిపిచ్చుడు నాది.

యాభై నంబరు బిళ్ల. నీళ్లు.
వంద. నీళ్లు.
రెండొందలు, నాలుగొందలు, ఎనిమిదొందలు,
అప్పటిదాక అది ఎండల నిలవడ్డ బర్రె వీపే.
పదిహేనొందల కాడ లోపలికెళ్లి నలుపు లేస్తది.
మూడువేల కాడ రేకుల కప్పు కనవడ్తది,
కప్పుకు పడ్డ తూటు కనవడ్తది,
తూట్లకెళ్లి కారిన ఎండ చుక్క,
దాని పక్కన నా ముక్కు.
నా మొగం నేను అద్దంల కన్నా
ఎవలింటికో పోయే ఏనుగుల వీపుల మీదనే
ఎక్కువ సూసుకున్న.

మా అత్త ఎల్లూబాయిది ఎదురు పని.
ముప్పై ఏండ్లు గల్లీ గల్లీ తిరిగింది,
చేతుల సుత్తె, కొంగుల మూడు ఉలులు.
"పాటాకు టాకీ... రోలుకు కక్కూ..."
మరాఠీ వాడల సగం కేక,
తెలుగు వాడల మిగిలిన సగం.
అరిగి నున్నగైన రాయికి పండ్లు మొలిపిచ్చుడు ఆమె బతుకు.
మిక్సీలొచ్చినంక ఆ కేక
ఆమె గొంతులనే కూసున్నది.

మొన్న నాందేడ్ నించి డాక్టరమ్మ కారుల వచ్చి
రోలు కావాలన్నది. జానెడుది.
"రుబ్బనీకా?" అంటే నవ్వింది.
"షోకేసుకు."
పద్దెనిమిదొందలు. అడ్వాన్సు ఐదొందలు.

సింకు ముక్క రెండేళ్ల మందం, రోలుకు చాలది.
ఏదో విగ్రహం గద్దెకు తెస్తే మిగిలిన దిమ్మె దొరికింది.
ఆరు దినాలు లోపల బిళ్ల తిప్పి తిప్పి
నా గోర్లు అరిగినయి,
దాని కడుపు అద్దమైంది.

అత్త కండ్లకు పొరలు. చేతులతోనే సూస్తది.
రోలును ఒళ్లె పెట్టుకుని
పసిపిల్ల మాడు తడిమినట్టు తడిమింది.
లోపల వేలు పెట్టింది, జారింది.
మల్ల పెట్టింది, మల్ల జారింది.
"గిదేం రోలే? దీని నోట్లె ఒక్క పన్ను లేదు."
"షోకేసుకట, అత్తా."
"షోకేసు ఏం తింటది?"
ధర్మాబాద్ మిరపకాయ ఒకటి, ఉప్పు రవ్వ ఏసి దంచింది.
మిరపకాయ ఎగిరి గోడ పొంటి పడ్డది.

రాత్రి మెలకువొచ్చింది. టిక్. టిక్. టిక్.
గడియారమనుకున్న.
షెడ్డుల పదకొండు గడియారాలు,
ఒక్కదాంట్ల సెల్లు లేదు.
చీకట్లనే కొడుతున్నది. ఆమెకు దీపమెందుకు?
లేచి ఆపొచ్చు. ఆరు దినాల పని.
లేవలే.
ఎందుకు లేవలేదని తెల్లారి తిమ్మాజీ అడిగితే
చాయ్ కింద మంట ఎగదోసిన.

అడుగున, వంగి సూస్తె గాని కండ్లవడనంత లోతుల,
రూపాయి బిళ్లంత జాగల
జొన్న గింజలంత గాట్లు.
వరుస తప్పలే.
మెరుపు నడుమ బూడిద రంగు మచ్చ.

డాక్టరమ్మ వచ్చింది.
అటు తిప్పింది, ఇటు తిప్పింది,
అంచు మీద బొట్టు సరి చేసుకున్నది,
మిగిలిన పైసలిచ్చింది.
లోపలికి వంగలే.
నేనూ చెప్పలే.

ఇప్పుడది నాందేడ్ల అద్దాల వెనక
వెండి గ్లాసుల నడుమ
నోరు తెరుచుకుని ఉండొచ్చు,
లోపల పండ్లతోని, ఏం తినకుండ.

మా అత్త ఉలి కొంగుల ముడేసుకుని
ఆ మిరపకాయ ఏడ పడ్డదో అని
గోడ పొంటి తడుముతున్నది.